చెయ్యి ముఖ్యమా, నిమ్మళం ముఖ్యమా? ఆదివారం మిస్సయిన ఒక బ్లాక్ గురించి

నక్కలగుట్ట క్యూ | ఆదివారం, రాత్రి 11:40

అందరికీ నమస్తే. నిద్ర పట్టక రాస్తున్నాను. ఇవాళ హన్మకొండలో మేం రోజూ ఆడే పార్లర్‌లో చిన్న స్నూకర్ టోర్నమెంట్ పెట్టారు. పదహారు మందిమి, ఐదు ఫ్రేమ్‌ల (ఫ్రేమ్ అంటే ఒక ఆట) మ్యాచ్‌లు. సెమీఫైనల్లో చెరో రెండు ఫ్రేమ్‌లు గెలిచాం. ఆఖరి ఫ్రేమ్‌లో బ్లూ వేశాను, పింక్ వేశాను, అప్పటికి ఐదు పాయింట్లు వెనక ఉన్నాను. టేబుల్ మీద మిగిలింది ఏడు పాయింట్ల బ్లాక్ ఒక్కటే. అది దాని స్పాట్ మీదే ఉంది. క్యూ కర్రతో కొట్టే వైట్ బాల్ కూడా నేను అనుకున్నచోటే ఆగింది. బ్లాక్ నుంచి మూల పాకెట్ మూడడుగుల దూరం. వేస్తే రెండు పాయింట్లతో ఫైనల్.

ప్రాక్టీస్‌లో ఆ బాల్ పదికి తొమ్మిదిసార్లు వేస్తాను. వంగాను. చెయ్యి వణకలేదు. కానీ క్యూ పట్టుకున్న పిడికిలి బిగుసుకుపోయింది. ఆ సంగతి నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పుడు పడుకుంటే తెలుస్తోంది. బాల్ తగిలీ తగలకముందే తల ఎత్తేశాను. బ్లాక్ పాకెట్ అంచులకు అటూ ఇటూ కొట్టుకుని నోట్లోనే నిలబడిపోయింది. అవతలి అతను కుర్చీలోంచి లేచి, రెండడుగులు వేసి, మెల్లగా తోసేశాడు.

బండి మీద ఇంటికి వస్తుంటే మా దోస్తు అన్నాడు, "నీకు చెయ్యి ఉందిరా, గుండె లేదు" అని. ఆ మాట గుచ్చుకుంది. నిజంగా అడుగుతున్నాను. ఆ గుండె పుట్టుకతో రావాల్సిందేనా? నేర్చుకుంటే వస్తుందా? పైస్థాయిలో ఆడేవాళ్లలో ఏది ఎక్కువ పనిచేస్తుంది?


కాజీపేట జంక్షన్ | సోమవారం, ఉదయం 6:15

తమ్మీ, నైట్ డ్యూటీ దిగి చూశాను నీ పోస్టు. ముందు ఒక సంగతి చెప్తా, మనసు కుదుటపడుతుంది. నువ్వు మిస్సయిన బ్లాకే, స్పాట్ మీది బ్లాకే, ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ ఆఖరి ఫ్రేమ్‌లో జిమ్మీ వైట్ మిస్సయ్యాడు. 1994, షెఫీల్డ్, క్రూసిబుల్ థియేటర్. ఫ్రేమ్‌లు 17–17. ఆ రోజు అతని పుట్టినరోజు, 32 నిండాయి. ఫ్రేమ్‌లో ముందున్నాడు, రెడ్లు విడిపోయి ఉన్నాయి. బ్లాక్ తప్పింది. స్టీఫెన్ హెండ్రీ లేచి ఒకే వంతులో వరసగా 58 పాయింట్ల బ్రేక్ కొట్టి కప్పు పట్టుకుపోయాడు. అదే టోర్నమెంట్ మధ్యలో హెండ్రీ హోటల్ బాత్‌రూమ్‌లో జారిపడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆ చేత్తోనే ఫైనల్ ఆడాడు.

వైట్ ఆరుసార్లు ఫైనల్ ఆడాడు. 1984లో స్టీవ్ డేవిస్ మీద, 1991లో జాన్ పారట్ మీద, మిగతా నాలుగూ హెండ్రీ మీద. ఆరూ ఓడిపోయాడు. వాటిలో 1992ది చూస్తుంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. 14–8తో ముందున్నాడు. ఇంకో నాలుగు ఫ్రేమ్‌లు చాలు. హెండ్రీ వరసగా పది ఫ్రేమ్‌లు తీసుకున్నాడు, 18–14.

ఆ పది ఫ్రేమ్‌లు యూట్యూబ్‌లో చూసేటప్పుడు టేబుల్‌ని చూడకు, కుర్చీలో కూర్చున్న వైట్‌ని చూడు. చేతి మహిమ చెప్పాలంటే అతనిలాంటివాళ్లు అరుదు. అంత చెయ్యీ కుర్చీలో ఊరికే కూర్చుని ఉంది.


జగిత్యాల టిప్ | సోమవారం, ఉదయం 8:02

నాకూ మొన్న అంతే అయింది బ్రో. పక్క టేబుల్ వాళ్లు ఆట ఆపి చూస్తుంటే చేతికొచ్చింది కూడా రాదు.


కరీంనగర్ రాకెట్ | సోమవారం, మధ్యాహ్నం 1:20

నేను రానీ ఓసల్లివన్ అభిమానిని, ముందే చెప్పేస్తున్నా. 1997లో క్రూసిబుల్‌లో 147, అంటే ఒకే వంతులో పూర్తి స్కోరు, కొట్టడానికి అతనికి పట్టింది 5 నిమిషాల 8 సెకన్లు. అంటే 36 బాల్స్, ఒక్కొక్క దానికి సగటున తొమ్మిది సెకన్లు కూడా లేవు. అందులోనే నడవాలి, చూడాలి, వంగాలి, కొట్టాలి. ఎడమ చేత్తో కూడా టోర్నమెంట్లలో ఆడతాడు. అది నేర్పితే వచ్చేది కాదు. ఎవరైనా వంద గంటలు కాదు, పదివేల గంటలు ప్రాక్టీస్ చేసినా అలా ఆడలేరు. కాబట్టి నా లెక్కలో చెయ్యే ముందు. చెయ్యి లేకపోతే గుండె ఎంత ఉన్నా ఏం లాభం?


మంచిర్యాల సేఫ్టీ | సోమవారం, రాత్రి 9:10

రాకెట్ అన్నా, నువ్వు చెప్పింది సగమే. అదే ఓసల్లివన్ 2006 యూకే చాంపియన్‌షిప్‌లో హెండ్రీ మీద 1–4తో వెనకబడి, ఆరో ఫ్రేమ్ మధ్యలో చెయ్యి కలిపి వెళ్లిపోయాడు. తొమ్మిది ఫ్రేమ్‌లు గెలవాల్సిన మ్యాచ్ అది. ఇంకా చాలా ఆట మిగిలి ఉంది. చెయ్యి ఆ రోజు ఎక్కడికీ పోలేదు కదా?

2011లో స్టీవ్ పీటర్స్ అనే మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాడు. 2012లో ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిచాడు. ఆ తర్వాత సీజన్ దాదాపు మొత్తం ఆడకుండా ఉండి, 2013లో తిరిగొచ్చి మళ్లీ గెలిచాడు. 2020లో, 2022లో కూడా. 46 ఏళ్లకు ఏడో టైటిల్. 2012కి ముందు పదకొండేళ్లలో మూడు టైటిళ్లు, 2012 నుంచి నాలుగు. వయసు పెరిగే కొద్దీ చూపు, చెయ్యి తగ్గాలి. అతనికి టైటిళ్లు పెరిగాయి. దీనికి నీ సమాధానం ఏంటి?

ఇంకో మాట. మనం చెయ్యి అంటే దూరం నుంచి వేసే లాంగ్ పాట్లు, వంద దాటిన బ్రేక్‌లు అనుకుంటాం, ఎందుకంటే చప్పట్లు వాటికే పడతాయి. మార్క్ సెల్బీ 2014 ప్రపంచ ఫైనల్లో ఓసల్లివన్ మీద 5–10తో వెనకబడ్డాడు. ఆ తర్వాత ఆటను మెల్లగా బిగించుకుంటూ వచ్చాడు. వైట్ బాల్‌ని టేబుల్ అంచు కుషన్‌కి అతికించి వదిలేయడం, ఒక్క సందు కూడా ఇవ్వకపోవడం. 18–14తో గెలిచాడు. వైట్ కుషన్‌కి అంగుళం దూరంలో ఆగాలా, అతుక్కుని ఆగాలా అన్నది చేతిలో ఉండాలి. అది చెయ్యి కాకపోతే ఏంటి? వేయగలిగిన బాల్‌ని వేయకుండా వదులుకోవడం మాత్రం మనసు పని. రెండింటినీ ఎలా విడదీస్తారో నాకు అర్థం కాదు.


కరీంనగర్ రాకెట్ | సోమవారం, రాత్రి 9:45

సేఫ్టీ తమ్మీ, లెక్క బాగానే చెప్పావు. కానీ పీటర్స్ దగ్గరికి నేను వెళ్తే నేను ఓసల్లివన్ అవుతానా? మనసు డాక్టర్ ఉన్న ఆటను బయటికి తీశాడు. లేని ఆటను పుట్టించలేదు. 2023లో లూకా బ్రెసెల్ ప్రపంచ చాంపియన్‌షిప్ సెమీఫైనల్లో 5–14తో వెనకబడి వరసగా 11 ఫ్రేమ్‌లు కొట్టి 17–15తో గెలిచాడు. జాగ్రత్త పడి గెలవలేదు, కనిపించిన ప్రతి బాల్‌కీ వెళ్లాడు. పోయేదేమీ లేదన్న స్థితిలో చెయ్యి ఒక్కసారిగా విచ్చుకుంది.


హంటర్‌రోడ్ పీఈటీ టీచర్ | మంగళవారం, సాయంత్రం 5:30

నాకు స్నూకర్ రాదు, మా అబ్బాయి ఆడతాడు, వాడి కోసం ఈ చర్చ చదువుతున్నాను. ఆటలు నేర్పడం నా వృత్తి కాబట్టి ఒక మాట చెప్పనివ్వండి.

మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ సంగతి చూడండి. 2011లోనే జూనియర్ ప్రపంచ చాంపియన్. చెయ్యి ఉందని అప్పుడే తేలింది. 2017లో భుజం గాయం. 2019 డిసెంబర్‌లో మేరీ కోమ్‌తో ట్రయల్ బౌట్‌లో 9–1తో ఓటమి, దేశమంతా చూస్తుండగా. అక్కడి నుంచి 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్, 2023లో ఢిల్లీలో మళ్లీ. మన పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి కూడా అంతే. ఊళ్లో పడ్డ మాటలన్నీ దాటుకుని 2024లో పారిస్ పారాలింపిక్స్ పరుగులో కాంస్యం తెచ్చింది. గుండె నేర్చుకుంటే వస్తుందా అని తమ్ముడు అడిగాడు. ఈ ఇద్దరినీ చూశాక రాదని నేను ఎలా అంటాను?

కానీ మా అబ్బాయి మ్యాచ్‌లు చూస్తుంటే నాకు ఒక తేడా కనిపించింది. బాక్సింగ్‌లో దెబ్బ తింటే వెంటనే తిరిగి కొట్టొచ్చు. పరుగులో వెనకబడితే కాలు ఇంకా వేగంగా వేయొచ్చు. భయాన్ని శరీరం ఖర్చు పెట్టేస్తుంది. మీ ఆటలో అవతలివాడు బ్రేక్ కొడుతుంటే మీరు కూర్చోవాలి. చెయ్యడానికి ఏమీ ఉండదు. ఆ భయం ఎటు పోతుంది? మా వాడు గోళ్లు కొరుక్కుంటాడు.


కాజీపేట జంక్షన్ | మంగళవారం, రాత్రి 7:05

టీచరమ్మా, సరిగ్గా అక్కడే పట్టుకున్నారు. నేను జిమ్మీ వైట్ గురించి చెప్పాలనుకున్నదీ అదే, మాట దొరకలేదు.


మార్కర్ మామ, గోదావరిఖని | మంగళవారం, రాత్రి 10:50

నాకు టైపు చేయడం రాదు, మనవరాలు చేస్తోంది. నేను ఒక ఆఫీసర్ల క్లబ్బులో చాలా ఏండ్లు మార్కర్‌గా పనిచేశాను. బాల్స్ పెట్టడం, స్కోరు చెప్పడం, టేబుల్ బ్రష్ చేయడం, టేబుల్ గుడ్డకు ఇస్త్రీ చేయడం. ఆడేటోళ్లు టేబుల్‌ని చూస్తరు, మార్కర్ మనుషుల్ని చూస్తడు. ఎవరి చెయ్యి ఎట్లాంటిదో మొదటి వారంలోనే తెలుస్తది. ఎవరు గెలుస్తరో మాత్రం కూర్చున్నప్పుడు చూస్తే తెలుస్తది.

నా ఎదురుగా వందలమంది కూర్చున్నరు. కొందరు కూర్చున్నా ఆడుతనే ఉంటరు. అవతలాయన బాల్ వేస్తుంటే తమ కళ్లు కూడా వైట్ బాల్ వెంట పోతయి. ఇక్కడ ఆగుతది, తర్వాత ఇది వేస్తడు అని చూసుకుంటనే ఉంటరు. అటువంటోళ్లకు వంతు వస్తే లేచి చాక్ రాసి నేరుగా ఆటలోకే పోతరు, ఎందుకంటే ఆటలోంచి బయటికి పోలేదు. ఇంకొందరు స్కోర్‌బోర్డు చూస్తరు, తలుపు చూస్తరు, లోపల లెక్కలు వేస్తరు. వంతు వచ్చేసరికి ఎక్కడో దూరం నుంచి ఉరికొచ్చినట్టు లేస్తరు. మొదటి బాల్ ఎట్లనో వేస్తరు, రెండోది తప్పుతరు.

బిడ్డా, నక్కలగుట్ట పిల్లగా, నిన్ను ఒకటి అడుగుత. ఆ ఆఖరి ఫ్రేమ్‌లో నీ వంతు రాకముందు ఎంతసేపు కూర్చున్నవు? కూర్చుని ఏం చేసినవు? నిజం చెప్పు.


నక్కలగుట్ట క్యూ | బుధవారం, ఉదయం 7:30

మామా, మీరు అడిగాక రాత్రంతా దాని గురించే ఆలోచించాను. అవతలి అతను ముప్పై చిల్లర బ్రేక్ కొట్టాడు. పది నిమిషాల దాకా కూర్చున్నాను. మొదట ఫోన్ చూశాను. తర్వాత స్కోర్‌బోర్డు చూసి మిగిలిన బాల్స్ కూడుకున్నాను, ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. తర్వాత, నిజం చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నాను, గెలిస్తే మా వాట్సాప్ గ్రూప్‌లో ఏ ఫోటో పెట్టాలా అని ఆలోచించాను. ఫైనల్లో ఎవరు తగులుతారో కూడా ఆలోచించాను. అతను బ్లూ నాకు సులువుగా దొరక్కుండా సేఫ్టీ ఆడితే అది ఎక్కడ ఆగిందో నేను చూడనే లేదు. లేచాక వెతుక్కున్నాను.


మార్కర్ మామ, గోదావరిఖని | బుధవారం, రాత్రి 8:15

నువ్వు బ్లాక్ దగ్గర మిస్ కాలేదు బిడ్డా. కుర్చీలోనే మిస్సయినవు. బ్లాక్ దగ్గర బయటపడ్డది. నిన్ను తప్పుపట్టడానికి చెప్తలేను. నీ చెయ్యి మంచిదే కాబట్టి బ్లూ, పింక్ పడ్డయి. చెయ్యి కొంతదూరం లాక్కొచ్చింది నిన్ను.

రేపటి నుంచి ఒక పని చెయ్. ఒక్కడివే ప్రాక్టీస్ చేసేటప్పుడు బాల్ తప్పంగనే మళ్లీ పెట్టుకుని కొట్టకు. పోయి కుర్చీలో కూర్చో. ఐదు నిమిషాలు. ఫోన్ మార్కర్‌కి ఇచ్చెయ్. టేబుల్ మీద బాల్స్ ఎక్కడెక్కడ ఉన్నయో చూస్త కూర్చో. తర్వాత లేచి, చాక్ రాసి, చల్లబడ్డ చేత్తో ఒక్క బాల్ వెయ్. ఒక్కటే. అది తప్పితే మళ్లీ ఐదు నిమిషాలు. టేబుల్ అద్దె దండగ అనిపిస్తది. అనిపించనీ. అందరూ చెయ్యిని ప్రాక్టీస్ చేస్తరు, కూర్చోవడం ఎవ్వరూ ప్రాక్టీస్ చెయ్యరు.

పిడికిలి సంగతి కూడా చెప్త. టెన్షన్ ఎక్కడ మొదలైనా చివరికి క్యూ పట్టిన వేళ్లల్లోకే దిగుతది. పిచ్చుకపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోవాలె. వంగే ముందు ఒకసారి వేళ్లు విప్పి మూసుకో. బిగుసుకున్నట్టు అనిపిస్తే వంగినా సరే లేచి నిలబడు. లేచినంత మాత్రాన ఫౌల్ కాదు గదా.


మంచిర్యాల సేఫ్టీ | బుధవారం, రాత్రి 9:00

మామకు దండం. ఈ కుర్చీ మాట విన్నాక 1985 ప్రపంచ ఫైనల్ నాకు వేరేలా కనిపిస్తోంది. డెనిస్ టేలర్ మొదట 0–8తో వెనకబడ్డాడు. ఎనిమిది ఫ్రేమ్‌లు దాదాపు కుర్చీలోనే గడిచాయి. మ్యాచ్ మొత్తంలో అతను మొదటిసారి ముందుకొచ్చింది ఆఖరి బ్లాక్ వేసినప్పుడే. ఒక్క ఆఖరి ఫ్రేమే 68 నిమిషాలు పట్టింది. అర్ధరాత్రి దాటింది, బ్రిటన్‌లో కోటీ 85 లక్షల మంది టీవీల ముందు మేల్కొని చూశారు.

ఆ బ్లాక్ మిస్సయింది స్టీవ్ డేవిస్. అంతటి నిబ్బరం ఉన్నవాడు అని పేరున్న మనిషి. అంటే నిబ్బరం కూడా కరిగిపోయేదే. తర్వాతి ఏడాది ఫైనల్లో జో జాన్సన్ చేతిలో మళ్లీ ఓడాడు. వరసగా రెండు ఫైనళ్లు పోయాయి. చాలామంది అక్కడే ఆగిపోతారు. డేవిస్ 1987, 1988, 1989 మూడూ గెలిచాడు. నాకు ఆరు టైటిళ్లలోకెల్లా ఈ మూడే పెద్దవి.


కరీంనగర్ రాకెట్ | గురువారం, ఉదయం 10:25

ఒప్పుకుంటున్నాను. మామ చెప్పింది చదివాక నేను పట్టుబట్టను. కానీ హెండ్రీ మాటకొస్తే ఇంకో కోణం ఉంది. 1990లలో ఏడు ప్రపంచ టైటిళ్లు, జిమ్మీ వైట్ గుండెను నాలుగుసార్లు పిండినవాడు. అంతకంటే గట్టి మనసు ఎవరికుంది? ఆ హెండ్రీకే తర్వాత క్యూ ముందుకు తోయడం కష్టమైపోయింది. వెనక్కి లాగుతాడు, ముందుకు పోవాల్సిన క్షణంలో చెయ్యి బిర్రబిగుసుకుంటుంది. ఏళ్ల తరబడి దాంతోనే ఆడానని అతనే చెప్పుకున్నాడు. 2012లో క్రూసిబుల్‌లో 147 కొట్టి, అదే టోర్నమెంట్‌లో రిటైర్ అయ్యాడు. చెయ్యి పోలేదు, లేకపోతే ఆ 147 ఎక్కడిది? మనసు పిరికిది కాదు. మరి పోయింది ఏది? రెండింటి మధ్య తీగ ఏదో తెగినట్టుంది. దీన్ని దేనికింద వేస్తారు?


హంటర్‌రోడ్ పీఈటీ టీచర్ | గురువారం, సాయంత్రం 6:10

రాకెట్ గారూ, క్రికెట్‌లో స్పిన్నర్లకు, గోల్ఫ్‌లో పటింగ్‌కు ఇలాగే అవుతుంది. అలవాటుగా జరిగిపోయే పనిని మనసు పట్టి పట్టి చూడడం మొదలుపెడితే చెయ్యి తన దారి మరిచిపోతుంది. మెట్లు దిగుతూ ఏ కాలు ముందు అని ఆలోచిస్తే తడబడతాం చూడండి, అలాగ. దాన్ని మనోబలం లేకపోవడం అనడం అన్యాయం. సెల్బీ కూడా 2022లో తన డిప్రెషన్ గురించి బయటికి చెప్పాడని మా వాడు అన్నాడు. నాలుగుసార్లు ప్రపంచ చాంపియన్. అటువంటి మనిషిని గుండె లేనివాడు అనగలమా? అందుకే పిల్లల్ని "నీకు గుండె లేదు" అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. తమ్ముడూ, మీ దోస్తుకి ఈ మాట చెప్పండి.


కాజీపేట జంక్షన్ | గురువారం, రాత్రి 11:30

మన దేశం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈ ఆట పుట్టిందే ఇక్కడ, 1875లో జబల్‌పూర్ ఆర్మీ మెస్‌లో. పంకజ్ అద్వానీకి బిలియర్డ్స్, స్నూకర్ కలిపి పాతికకు పైగా ప్రపంచ టైటిళ్లు ఉన్నాయి. అతను కూడా ప్రొఫెషనల్ టూర్‌లో రెండు సీజన్లు ఆడి 2014లో వదిలి ఇంటికొచ్చేశాడు. చెయ్యి చాలకనా? మనసు చాలకనా? నేను అలా అనుకోను. ఇంగ్లండ్‌లో ఇల్లు వాకిలి వదిలి, నెలల తరబడి ఒంటరిగా, చలిలో, హోటల్ నుంచి హాలుకి, హాలు నుంచి హోటల్‌కి. అక్కడి పిల్లలకు ఇంటి పక్కనే క్లబ్బు ఉంటుంది. వాళ్లు ఓడితే సాయంత్రం అమ్మ చేతి అన్నం తింటారు.

2016లో హైదరాబాద్‌లో ఇండియన్ ఓపెన్ జరిగితే డ్యూటీ మార్చుకుని రైలెక్కి వెళ్లాను. ఫైనల్లో ఆంథొనీ మెక్‌గిల్ 5–2తో కైరన్ విల్సన్ మీద గెలిచాడు. ఓడిన విల్సన్ ఎనిమిదేళ్లకు, 2024లో, ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ కప్పు టీవీలో చూస్తూ మా ఆవిడతో అన్నాను, మన హైదరాబాద్‌లో ఓడిన పిల్లాడే ఇతను అని.


జగిత్యాల టిప్ | శుక్రవారం, ఉదయం 9:40

మామా, కుర్చీ ప్రాక్టీస్ నిన్న చేశాను. ఐదు నిమిషాలు ఇంత పొడుగుంటాయని తెలియదు. రెండో నిమిషానికే చెయ్యి జేబులో ఫోన్ కోసం వెతికింది.


మార్కర్ మామ, గోదావరిఖని | శుక్రవారం, రాత్రి 8:00

వెతకనీ. వారం పోతే మానుకుంటది.


నక్కలగుట్ట క్యూ | మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 10:15

అందరికీ మళ్లీ నమస్తే. మామ చెప్పినట్టు పద్దెనిమిది రోజులు చేశాను. మా పార్లర్ అన్న మొదటి రెండు రోజులు "ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. తర్వాత నేను రాగానే తనే చెయ్యి చాచి ఫోన్ తీసుకుంటున్నాడు.

ఇవాళ అదే మనిషితో మళ్లీ మ్యాచ్ పడింది. వర్షాలకు క్లాత్ చెమ్మ పట్టి బాల్స్ బరువుగా పోతున్నాయి. మూడో ఫ్రేమ్‌లో అతను పెద్ద బ్రేక్ కొట్టాడు, కూర్చున్నాను. వైట్ ఎక్కడ ఆగుతుందో ముందే అనుకుంటూ చూశాను. మూడుసార్లు సరిగ్గా చెప్పగలిగాను, నాలుగోసారి అతను అనుకున్నదానికంటే అరడుగు ఎక్కువ పోయింది. అతనికంటే ముందే నాకు తెలిసిపోయింది, తర్వాతి రెడ్ కష్టమని. అతను మిస్సయ్యేసరికి నేను చాక్ పట్టుకుని ఉన్నాను.

ఆ ఫ్రేమ్ ఆఖర్లో మళ్లీ స్పాట్ మీద బ్లాక్ వచ్చింది. వంగాను. వేళ్లు బిగుసుకున్నాయి. ఈసారి అది నాకు అప్పుడే తెలిసింది. లేచి నిలబడ్డాను. గదిలో ఎవరో దగ్గారు. వేళ్లు విప్పి మూశాను, మళ్లీ వంగాను. బ్లాక్ పాకెట్ వెనక తోలుకి తగిలిన చప్పుడు విన్నాక తల ఎత్తాను.

మ్యాచ్ మాత్రం ఓడిపోయాను, 2–3. ఆఖరి ఫ్రేమ్‌లో అతను నాకంటే బాగా ఆడాడు, నాకు చివర్లో ఒక్క అవకాశం కూడా రాలేదు. పదిహేను నిమిషాలు కూర్చునే ఉన్నాను.


మార్కర్ మామ, గోదావరిఖని | ఆదివారం, రాత్రి 10:40

ఆ పదిహేను నిమిషాలు వైట్ ఎక్కడెక్కడ ఆగిందో చెప్పగలవా బిడ్డా?


నక్కలగుట్ట క్యూ | ఆదివారం, రాత్రి 10:52

చెప్పగలను మామా. మొదటి రెడ్ తర్వాత బ్లూకి కిందుగా, ఎడమ కుషన్‌కి జానెడు దూరంలో. అక్కడి నుంచి బ్లాక్ మీదికి. రేపు టేబుల్ మీద బాల్స్ అలాగే పెట్టుకుని అతను ఆడినట్టే ఆడి చూస్తాను.